ఒక్క కొమ్మకే కొత్త రంగు పూసిందా? ఆ రంగును పట్టి నిలబెట్టే పద్ధతి

"ఎర్ర గులాబీకి ఒక కొమ్మ మీద మాత్రం లేత గులాబీ రంగు పువ్వు పూసింది, ఏం చేయాలి?" "తెల్ల చామంతిలో ఒక పువ్వు సగం పసుపుగా విచ్చింది, విత్తనం కట్టాలా?" పూల కాలం మొదలైతే చాలు, ఈ ప్రశ్నలు వరసగా వస్తాయి. బాధ ఏమిటంటే చాలామంది అడిగేసరికే పువ్వు కోసి ఫొటో తీసుకుని, ఆ కొమ్మను మామూలు కత్తిరింపులో తీసేసి ఉంటారు. అక్కడితో ఆ రంగు పోయినట్టే.

ఒక మొగ్గలో జన్యువు మారి, దాన్నుంచి వచ్చిన కొమ్మ వేరే రంగు పూస్తే నర్సరీవాళ్లు దాన్ని స్పోర్ట్ అంటారు. ఇక్కడ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా పనంతా సులువు. మీకు కావలసింది ఆ పువ్వు కాదు. దాని కింద, ఆకు కాడ మొదట్లో నిద్రపోతున్న కన్ను, అంటే ఇంకా చిగురించని మొగ్గ. ఆ కన్నును ఎంచుకుని, అంటు కట్టి, రెండు మూడు తరాల పాటు ఏరుకుంటూ పోతేనే కొత్త రంగు మీదవుతుంది.

1. ముందు ఇది నిజమైన మార్పో కాదో తేల్చండి

కత్తెర పట్టుకునే ముందు ఈ వరసలో చూసుకోండి. వరస మార్చకండి, ఎందుకంటే మొదటి పరీక్షలోనే చాలా సందేహాలు తీరిపోతాయి.

కొమ్మ ఎక్కడ పుట్టింది? గులాబీ అయితే కొమ్మను వేలితో తడుముకుంటూ కిందికి వెళ్లండి. మొదట్లో అంటు కట్టిన చోట బుడిపెలాంటి ముడి ఉంటుంది. కొమ్మ ఆ ముడి కింది నుంచి లేచిందంటే అది వేరుమొక్క (అంటు కింద వేళ్ల కోసం వాడిన మొక్క) తాలూకు పిలక. గులాబీల్లో "రంగు మారింది" అని వచ్చే సందేహాల్లో ఎక్కువ ఇవే. పిలక ఆకులు, ముళ్లు, పెరిగే తీరు, పువ్వు ఆకారం అన్నీ వేరుగా ఉంటాయి. నిజమైన స్పోర్ట్‌లో సాధారణంగా ఆకు, ముల్లు, పువ్వు పరిమాణం అలాగే ఉండి రంగు ఒక్కటే మారుతుంది. పిలక అని తేలితే మట్టి తీసి, పుట్టిన చోటి నుంచే పీకేయండి. పైపైన కత్తిరిస్తే మళ్లీ నాలుగు లేస్తాయి.

అది వేరే మొక్కేమో? చంద్రకాంత, బిళ్ళ గన్నేరు, బంతి, కాశీరత్నం గింజ రాలి తల్లిమొక్క మొదట్లోనే మొలుస్తాయి. మట్టి కాస్త గీకి చూస్తే రెండు వేళ్లు కనిపిస్తాయి.

ఆ మొక్క స్వభావమే అదేమో? రాధామనోహరం తెల్లగా విచ్చి, తర్వాత గులాబీ రంగుకు, చివరికి ఎరుపుకు తిరుగుతుంది. పొద్దున తెల్లగా పూసి సాయంత్రానికి గులాబీ రంగయ్యే మందార జాతి కూడా ఉంది. ఇవి పువ్వు వయసుతో వచ్చే రంగులు.

వేడి ప్రభావమా? ఎరుపు, గులాబీ, ఊదా రంగులనిచ్చే ఆంథోసయనిన్ ఎండ ముదిరితే తక్కువగా తయారవుతుంది. అందుకే జనవరిలో చిక్కగా పూసిన గులాబీ మే నెలలో వెలిసిపోయినట్టు పూస్తుంది. హైబ్రిడ్ మందారాల్లో ఈ తేడా మరీ ఎక్కువ. మొక్క మొత్తం ఒకేలా మారితే అది వాతావరణం. ఒక్క కొమ్మే మారి, పక్క కొమ్మలు పాత రంగే పూస్తుంటే అప్పుడు ఆశ పెట్టుకోవచ్చు.

పురుగా? రేకుల మీద తెల్లటి గీతలు, అంచుల్లో మాడినట్టు మచ్చలు ఉంటే పువ్వును తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి గీతల్లాంటి పురుగులు పాకుతూ కనిపిస్తే అవి తామర పురుగులు. అవి రేకుల్లో రసం పీల్చిన చోట రంగు పోతుంది.

తెగులా? దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రేకుల మీద చారలతో పాటు ఆకుల మీద పసుపు మచ్చలు, ముడత, గిడసబారడం ఉంటే వైరస్ అనుకోవాలి. పువ్వు రేకులు ఆకుపచ్చగా, చిన్న ఆకుల్లా మారి, మొక్క గుబురుగా చీపురులా తయారైతే అది ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెచ్చే తెగులు. నువ్వు చేలో వెర్రి తెగులు చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు. బిళ్ళ గన్నేరులోనూ చామంతిలోనూ ఇది వస్తుంది. దీపపు పురుగులు దీన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తాయి. "ఆకుపచ్చ పువ్వు" అని మురిసిపోయి అంటు కడితే తెగులును కూడా అంటు కట్టినట్టే. పీకి తగలబెట్టండి.

ముందుకు వెళ్లడానికి ఇవన్నీ సరిపోవాలి:

- కొమ్మ అంటు ముడికి పైనే పుట్టింది.
- అదే మొక్క మీద మిగతా కొమ్మలు పాత రంగే పూస్తున్నాయి.
- ఆకులు శుభ్రంగా ఉన్నాయి, ముడత, మచ్చలు లేవు.
- తామర పురుగులు లేవు.
- పువ్వు విచ్చిన రోజూ, వాడే రోజూ కొత్త రంగు ఛాయ అదే.

2. కొమ్మకు గుర్తు కట్టండి

పువ్వు పూసి ఉండగానే గుర్తు కట్టాలి. రేకులు రాలాక ఏ కొమ్మో ఎవరూ చెప్పలేరు.

రంగు ఉన్ని దారం వదులుగా, కొత్త రంగు పువ్వుకు కింద నాలుగైదు ఆకుల దిగువన కట్టండి. తీగ వాడొద్దు, కాండం లావెక్కినప్పుడు కోసుకుపోతుంది. ప్లాస్టిక్ చీటీ మీద పెన్సిల్‌తో తేదీ, మొక్క పేరు రాయండి. పెన్ను సిరా మన ఎండకు రెండు నెలల్లో వెలిసిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది.

ఫొటో పొద్దున్నే నీడలో తీయండి. కొత్త పువ్వు, పాత రంగు పువ్వు, ఒక తెల్ల కాగితం మూడూ ఒకే ఫొటోలో ఉండాలి. కాగితం లేకపోతే ఫోన్ కెమెరా రంగును తనకు తోచినట్టు సర్దేస్తుంది, తర్వాత పోల్చుకోవడానికి పనికిరాదు.

ఇంట్లో అందరికీ చెప్పండి. పూజకు పూలు కోసేవాళ్లకు, తోటపనికి వచ్చేవాళ్లకు ముఖ్యంగా. దారం కట్టిన కొమ్మ జోలికి ఎవరూ పోకూడదు.

3. పువ్వు చూసి మార్పు ఎంత లోతుగా ఉందో అంచనా వేయండి

ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి, తర్వాత చేసే ప్రతి పనికీ కారణం ఇందులోనే ఉంది.

కొమ్మ కొసన ఎదిగే చోట కణాలు మూడు పొరలుగా ఉంటాయి. పై పొర నుంచి ఆకుకు, రేకుకు చర్మం వస్తుంది. రెండో పొర నుంచి పుప్పొడి, అండాలు, అంటే విత్తనం వస్తుంది. లోపలి పొర నుంచి కాండం లోపలి భాగం వస్తుంది. మార్పు మొదట ఒక్క కణంలో జరుగుతుంది. ఆ కణం ఏ పొరలో ఉంది, దాని సంతానం ఎంత మేర పరుచుకుంది అన్నదాన్ని బట్టి మీ పని సులువో కష్టమో తేలుతుంది.

కొమ్మ మీద పూలన్నీ పూర్తిగా కొత్త రంగు: ఒక పొర మొత్తం మారిపోయింది. ఇది అన్నిటికన్నా మంచి స్థితి. ఆ కొమ్మ మీద ఏ కన్ను తీసుకున్నా రంగు నిలిచే అవకాశం బాగుంటుంది.

పువ్వు సగం పాత, సగం కొత్త, మధ్యలో గీత గీసినట్టు హద్దు: కాండంలో ఒక పక్క మాత్రమే మారింది. ఆ పక్కనున్న కన్నుల్లోనే రంగు ఉంటుంది. కష్టమే గానీ సాధ్యం.

ఒక రేకు మీద ఒక్క చార: మార్పు పువ్వు తయారవుతుండగా జరిగింది. ఏ కన్నులోనూ అది లేదు. చూసి ఆనందించండి, కొమ్మను పాడుచేయకండి.

ప్రతి పువ్వు మీదా చుక్కలు, గీతలు, ఒక్కో పువ్వుకు ఒక్కో తీరు: జన్యువుల్లో చోటు మారే ముక్కల వల్ల ఇలా అవుతుంది. చంద్రకాంతలో మనం చూసే చారలు ఈ కోవకే చెందుతాయి. ఈ గుణం విత్తనం ద్వారా కూడా వస్తుంది గానీ, ఏ పువ్వు ఎలా పూస్తుందో ముందే చెప్పలేం.

ఇప్పుడు విత్తనం సంగతి. మార్పు పై పొరలోనే ఉంటే విత్తనంలోకి ఆ రంగు చేరదు. పైగా గులాబీ, చామంతి లాంటివి ఇప్పటికే ఎన్నో సంకరాలు కలిసిన మొక్కలు. విత్తనం వేస్తే ఒక్కో మొక్కా ఒక్కో రంగు. వేరు ముక్కల నుంచి పుట్టే మొక్కలు లోపలి పొర నుంచి వస్తాయి, అక్కడా పై పొర మార్పు పోతుంది. కాబట్టి మనకున్న దారి ఒక్కటే: ఆకు మొదట్లో అప్పటికే తయారై ఉన్న కన్ను.

4. సామగ్రి, కాలం

- పదునైన అంటు కత్తి, లేకపోతే కొత్త షేవింగ్ బ్లేడు
- కత్తెర తుడవడానికి స్పిరిట్, దూది
- అంటు కట్టే పాలిథిన్ పట్టీ
- కొబ్బరి పొట్టు, కడిగిన ఇసుక సమపాళ్లలో
- వేర్ల హార్మోన్ పొడి
- గాలి అంటుకు (కొమ్మ మొక్క మీద ఉండగానే దానికి వేళ్లు పట్టించడానికి) మాస్ అనే నాచు, పాలిథిన్ కాగితం
- చీటీలు, పెన్సిల్, నోటుపుస్తకం
- షేడ్ నెట్ నీడ

మన రెండు రాష్ట్రాల్లో గులాబీ కన్ను అంటుకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. మందారం, బోగన్‌విలియా కొమ్మ ముక్కలకూ గాలి అంట్లకూ తొలకరి పడ్డాక జూన్ నుంచి సెప్టెంబరు. స్పోర్ట్ ఏప్రిల్‌లో కనిపిస్తే తొందరపడకండి. మొక్కకు మధ్యాహ్నం నీడ కట్టి, నీళ్లు తప్పకుండా ఇచ్చి, వానలదాకా బతికించుకోవడమే అప్పటి పని.

5. సరైన కన్నును ఎంచుకోవడం

అనుభవం ఉన్నవాళ్లు కూడా ఎక్కువగా పొరపడేది ఈ అడుగు దగ్గరే. పువ్వు వాడిపోయాక దాన్ని కాడ దగ్గర, పై ఆకుకు ఆనుకుని తుంచండి. మామూలుగా గులాబీని తుంచినట్టు ఐదాకుల రెబ్బ దాకా కిందికి కత్తిరిస్తే మంచి కన్నులు పోతాయి.

పువ్వుకు మరీ దగ్గరగా, మూడాకుల రెబ్బల దగ్గరుండే కన్నులు సన్నగా, బలహీనంగా ఉంటాయి. కొమ్మ నడిమి భాగంలో, ఐదాకుల రెబ్బల మొదట్లో బియ్యపు గింజంత ఉబ్బి ఉన్నవి అంటుకు బాగుంటాయి. కొమ్మ పక్వానికి వచ్చిందో లేదో తెలియాలంటే ఒక ముల్లును పక్కకు తోయండి. టక్కున ఊడి, కింద పచ్చటి శుభ్రమైన మచ్చ కనిపిస్తే కొమ్మ సిద్ధం. ముల్లు వంగి చర్మం చీరితే ఇంకా లేత. ఊడనే ఊడకపోతే ముదిరిపోయింది.

పువ్వు సగం సగం పూసిందా? అప్పుడు కన్ను ఎంపిక ఇలా. గులాబీ కాండం మీద ఆకులు మెలికలుగా ఎక్కుతాయి. ఐదు ఆకులకు రెండు చుట్లు పూర్తవుతాయి, ఆరో ఆకు మళ్లీ మొదటి ఆకుకు సరిగ్గా పైన వస్తుంది. పువ్వులో కొత్త రంగు ఏ దిక్కున ఉందో చూసి, ఆ దిక్కున కాండం మీద పెన్నుతో నిలువు గీత గీయండి. ఆ గీత మీదా, దానికి అటూ ఇటూ ఉన్న ఆకుల కన్నులే మీ అభ్యర్థులు. అవతలి పక్క కన్నులు పాత రంగే ఇస్తాయి. గీత పక్కనున్నవి సగం సగం రావచ్చు, వాటినీ వదలొద్దు, తర్వాతి తరంలో పనికొస్తాయి.

గీత మీద కన్ను ఒక్కటే ఉంటే దాన్ని అంటుకు తీయకండి. దానికి పైన అర సెంటీమీటరు వదిలి కొమ్మను కత్తిరించండి. మొక్క బలమంతా ఆ కన్నుకు వెళ్లి కొత్త చిగురు వస్తుంది. దాని మీద పువ్వు చూసుకుని, కొత్త రంగు నిండుగా ఉంటే ఆ చిగురు మీది కన్నులతో అంట్లు కట్టండి. మన దగ్గర కత్తిరింపు తర్వాత గులాబీ పూయడానికి దాదాపు నెలన్నర పడుతుంది. ఆ నెలన్నర ఆగగలిగితే ఒక్క కన్ను బదులు ఎన్నో కన్నులు చేతికొస్తాయి.

6. మొక్కను బట్టి పద్ధతి

గులాబీ: కన్ను అంటు

1. నర్సరీలో అంటు కోసం అమ్మే వేరుమొక్కను, పెన్సిల్ లావు కాండం ఉన్నదాన్ని తెచ్చుకోండి. అంటుకు రెండు రోజుల ముందు నుంచి బాగా నీళ్లు పెట్టండి. అప్పుడే బెరడు సులువుగా లేస్తుంది.
2. స్పోర్ట్ కొమ్మ నుంచి ఆకులు తీసేయండి. కాడను ఒక సెంటీమీటరు ఉంచండి, అదే మీకు పిడి. తడిగుడ్డలో చుట్టి ఉంచండి.
3. వేరుమొక్క కాండం మీద, మట్టికి 5 నుంచి 8 సెంటీమీటర్ల పైన ఆంగ్ల అక్షరం టి ఆకారంలో గాటు పెట్టండి. నిలువు గాటు రెండున్నర సెంటీమీటర్లు. లోతు బెరడు వరకే.
4. కన్ను కింద నుంచి పైకి కత్తి జరుపుతూ, రెండు సెంటీమీటర్ల పొడవున కన్నును చిన్న డాలులా తీయండి. వెనక చెక్క మందంగా అంటుకుని ఉంటే మెల్లగా ఊడదీయండి. కన్ను వెనక గుంట పడితే దాన్ని పారేసి ఇంకొకటి తీయండి.
5. బెరడు రెక్కల మధ్య పైనుంచి కిందికి జారించండి. కన్ను తల పైకే ఉండాలి.
6. పట్టీతో కిందా పైనా గట్టిగా చుట్టండి, కన్ను మాత్రం బయటికి కనిపించాలి.
7. రెండు మూడు వారాలకు కాడ ముక్కను వేలితో ముట్టుకోండి. తాకగానే రాలి, కన్ను పచ్చగా ఉంటే అతుక్కుంది. కాడ నల్లబడి కదలకుండా ఉంటే పోయింది, కాండం రెండో పక్క మళ్లీ కట్టండి.
8. అతుక్కున్నాక వేరుమొక్కను కన్నుకు పది సెంటీమీటర్ల పైన కత్తిరించండి. చిగురు జానెడు పెరిగాక మిగిలిన మోడును కన్నుకు దగ్గరగా తీసేయండి.
9. వేరుమొక్క నుంచి వచ్చే ప్రతి చిగురునూ గోటితో గిల్లేయండి.

మామూలుగా కొత్త అంటుకు మొదటి మొగ్గను తుంచేస్తాం. ఇక్కడ తుంచొద్దు. ఆ పువ్వు రంగు చూడాలి.

ఒక్కో అంటుకు కన్ను సంఖ్య రాయండి: పై నుంచి ఎన్నో ఆకు, గీతకు ఏ పక్క. ఈ ఒక్క అలవాటు తర్వాత ఎంతో అయోమయాన్ని తప్పిస్తుంది.

చామంతి: దీపం వెలుగులో చిగుళ్లు

చామంతిలో రంగు మార్పులు తరచుగా వస్తాయి. తెల్ల చామంతి పసుపుగా మారడానికి కారణం కూడా తెలుసు. తెల్ల రేకుల్లో పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లను విరగ్గొట్టే ఒక ఎంజైమ్ పనిచేస్తుంది. దాని జన్యువు పోతే పసుపు బయటపడుతుంది.

చిక్కు ఏమిటంటే పగలు తగ్గే రోజుల్లో చామంతి కొమ్మ మీద ప్రతి కన్నూ పూమొగ్గ వైపే తిరుగుతుంది, ఆకుల చిగుళ్లు రావు. మొదట్లో వచ్చే పిలకలు కావలసినన్ని ఉంటాయి, కానీ అవి మార్పు జరిగిన చోటికి చాలా కింద పుట్టినవి. వాటిలో పాత రంగే ఉంటుంది. "పిలకలన్నీ నాటాను, ఒక్కటీ ఆ రంగు రాలేదు" అనేవాళ్లందరి కథా ఇదే.

పద్ధతి ఇది. పువ్వు రంగు రాసుకున్నాక దాన్ని తీసేసి, ఆ కాడ మీద ఆకులు, కన్నులు ఉన్నంత మేర ఉంచండి. అదే కొమ్మ మీది మిగతా పూమొగ్గలన్నీ గిల్లేయండి. కుండీని ఇంట్లోకి గానీ వరండాలోకి గానీ తెచ్చి, రాత్రి 10 గంటల నుంచి 2 గంటల వరకు మొక్కకు మీటరు ఎత్తున బల్బు వెలిగించండి. రాత్రి మధ్యలో వెలుగు పడితే మొక్కకు అది పొడవు పగటి కాలంలా తోచి, ఆకుల చిగుళ్లు వేస్తుంది. ఒక్క రాత్రి కూడా మానకండి.

చిగుళ్లు ఐదారు సెంటీమీటర్లు పెరిగాక తుంచి, కింది ఆకులు తీసి, హార్మోన్ పొడిలో ముంచి, కొబ్బరి పొట్టు, ఇసుక కలిపిన ట్రేలో గుచ్చండి. రెండు మూడు వారాల్లో వేళ్లు పడతాయి. నాటిన మొక్కలకు కూడా కొన్నాళ్లు దీపం ఉండాలి, లేకపోతే వేలెడు ఎత్తులోనే మొగ్గ కడతాయి.

కాడ మీద బతికిన కన్ను ఒక్కటీ లేకపోతే ఇంట్లో చేయగలిగింది లేదు. మారిన రేకుల నుంచే టిష్యూ కల్చర్‌లో (ప్రయోగశాలలో చిన్న ముక్క నుంచి మొక్కను పెంచే పద్ధతిలో) మొక్కలు తీయడం సాధ్యమని లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థవాళ్లు చేసి చూపించారు. రంగు అంత అరుదైనదైతే పువ్వు తాజాగా ఉండగానే ఉద్యాన విశ్వవిద్యాలయం టిష్యూ కల్చర్ విభాగాన్ని అడగండి.

బోగన్‌విలియా: గాలి అంటు

ఇందులో రంగు మార్పు కొత్తేమీ కాదు. 'మిసెస్ హెచ్.సి. బక్' మీద వచ్చిన మార్పే 'మేరీ పామర్', దాని మీద ఆకులకు మచ్చలతో వచ్చిందే 'థిమ్మ'. తెలుపు, ముదురు గులాబీ ఒకే గుత్తిలో పూసే ఈ రకాలు ఎప్పుడూ పాత రంగు వైపు లాగుతూనే ఉంటాయి.

కొమ్మ పెన్సిల్ లావు దాటాక, కొత్త రంగు మొదలైన చోటికి పైన రెండున్నర సెంటీమీటర్ల మేర బెరడు ఉంగరంలా తీయండి. లోపలి జిగురు పొరను బ్లేడుతో గీకేయండి. హార్మోన్ పొడి రాసి, తడిపి పిండిన మాస్ పిడికెడు పెట్టి, పాలిథిన్ చుట్టి రెండు చివరలా కట్టండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేళ్లు కనిపిస్తాయి.

పూత రాకముందే రంగు పసిగట్టే ఉపాయం ఒకటుంది. ముదురు రంగు పూసే కొమ్మల లేత చిగురు, ముల్లు ఎర్రజీరతో ఉంటాయి. తెల్లగా పూసే కొమ్మలవి పచ్చగా ఉంటాయి. నారు దశలోనే చాలావరకు ఏరేయవచ్చు.

మందారం: పువ్వు ఒక్క రోజుదే కాబట్టి కనీసం నాలుగైదు పూలు చూశాకే నిర్ణయించండి. చిటికెన వేలు లావు కొమ్మను జానెడు ముక్కలు చేసి వానాకాలంలో గుచ్చండి. హైబ్రిడ్ రకాల వేళ్లు బలహీనం, వాటిని నాటు ఎర్ర మందారం మీద అంటు కట్టడం మేలు.

మెట్టతామర: ఆకును చూడండి. పసుపు పూసే రకంలో ఎర్రటి పట్టీ ఆకు మీద మొదలైతే, ఆ పట్టీ దిక్కునే పువ్వులోనూ ఎరుపు వస్తుంది. దుంప తవ్వి, ఆ కాడ కిందున్న ముక్కను కన్నుతో సహా విడదీసి వేరే కుండీలో పెట్టండి.

డాలియా: దుంప దాచుకుంటే చాలనుకోవద్దు. మార్పు పై కొమ్మలో వస్తే దుంపలో అది లేదు. ఆ కొమ్మ పక్క చిగుళ్లనే తుంచి వేళ్లు పట్టించాలి.

బంతి: కొమ్మ ముక్కలు సులువుగా నాటుకుంటాయి, కానీ మొక్క ఆయుష్షు ఒక్క పంట కాలమే. కొమ్మ నుంచి కొమ్మగా నడిపించుకోవాలి.

7. రెండో తరంలో ఏరడం

మొదటి అంట్లు పూసినప్పుడు మూడు రకాలు కనిపిస్తాయి: నిండుగా కొత్త రంగు, కలగలుపు, పూర్తిగా పాత రంగు. పాత రంగువి పక్కన పెట్టేయండి. కలగలుపువాటిలో కొత్త రంగు ఎక్కువున్న కొమ్మ చూసి మళ్లీ 5వ అడుగు నుంచి చేయండి. నిండు రంగువాటి నుంచి ఇంకో విడత అంట్లు కట్టండి.

రంగు నిలబడిందని ఎప్పుడు అనొచ్చు? నేను పెట్టుకునే కొలత ఇది:

- తల్లిమొక్క నుంచి రెండు విడతలు అంట్లు దాటాలి.
- రెండో విడత మొక్కలన్నీ ఒకే రంగు పూయాలి.
- చలికాలంలోనూ ఎండాకాలంలోనూ పూత చూడాలి.
- పువ్వు పరిమాణం, రేకుల సంఖ్య, పూత తగ్గకూడదు.

చివరిది చాలామంది పట్టించుకోరు. రంగు ఎంత అందంగా ఉన్నా ఏడాదికి నాలుగు పూలే ఇచ్చే మొక్కను ఇతరులకు పంచడం సరికాదని నా అభిప్రాయం.

8. పాత రంగు తిరిగొస్తే

పొరల్లో కలిసి ఉన్న మార్పు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఒక కొమ్మ పాత రంగు పూస్తుంది. కంగారు పడొద్దు, ఆలస్యమూ చేయొద్దు. ఆ కొమ్మను పుట్టిన చోటి నుంచి తీసేయండి. ముఖ్యంగా తెల్ల మచ్చల ఆకులున్న రకాల్లో పాత కొమ్మకు పచ్చదనం ఎక్కువ, అది వేగంగా పెరిగి రెండు మూడేళ్లలో మొక్కనంతా ఆక్రమిస్తుంది.

కత్తిరింపులోనూ జాగ్రత్త కావాలి. కంటికి కనిపించే కన్నుకు పైనే కత్తిరించండి. కన్నులే లేని ముదురు మోడు దాకా కొట్టేస్తే, లోపలి కణజాలం నుంచి కొత్త మొగ్గలు పుట్టి పాత రంగు ఇవ్వవచ్చు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

ఉన్న ఒక్క కొమ్మనూ ముక్కలు చేసి గుచ్చడం. అన్నీ కుళ్లితే మిగిలేది ఏమీ లేదు. ఎప్పుడూ సగం కన్నులు తల్లిమొక్క మీదే ఉంచండి.

రంగు రాగానే ఎరువులు దంచడం. నత్రజని ఎక్కువైతే కొమ్మ నీరుకట్టి అంటు పట్టదు. నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు.

ముక్కలు నల్లబడి కుళ్లడం. ఇసుక కడగకపోవడం, నీళ్లు ఎక్కువవడం కారణం. కొత్త మిశ్రమం తీసుకుని, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి తడపండి. ట్రేను ఎత్తు మీద పెట్టండి.

చిగురు వచ్చి వాడిపోవడం. కాండంలో దాచుకున్న బలంతో చిగురు వచ్చింది గానీ వేళ్లు పడలేదు. పాలిథిన్ సంచి గొడుగులా కప్పి నీడలో ఉంచండి, పైకి లాగి చూడకండి.

కత్తి తుడవకపోవడం. వైరస్ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు ఇలాగే పోతుంది. మొక్క మారిన ప్రతిసారీ స్పిరిట్‌తో తుడవాలి.

10. ఇంట్లో రంగు మార్పు తెప్పించవచ్చా?

ఈ ప్రశ్నకు నా సమాధానం: వద్దు. కాల్చిసిన్ అనే రసాయనం గురించి చాలామంది అడుగుతారు. అది విషం. పైగా అది క్రోమోజోముల సంఖ్యను పెంచుతుంది, కోరిన రంగు ఇవ్వదు. గామా కిరణాలతో మార్పులు తెప్పించడం పరిశోధన సంస్థల పని. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 'కిస్ ఆఫ్ ఫైర్' గులాబీ నుంచి చారల 'అభిసారిక'ను అలాగే తీసింది.

నీలి గులాబీ, ఇంద్రధనుస్సు గులాబీ విత్తనాలని అమ్మేవి కొనకండి. నీలి రంగుకు కావలసిన డెల్ఫినిడిన్ గులాబీలో సహజంగా తయారవదు. జపాన్‌లో 2009లో నీలి గులాబీ పేరుతో అమ్మకానికి వచ్చిన 'అప్లాజ్' కూడా వేరే మొక్క జన్యువును చేర్చి చేసినదే, దాని రంగు లేత ఊదా. ఇంద్రధనుస్సు రంగులు కోసిన పువ్వు కాడను చీల్చి రంగునీళ్లలో పెడితే వచ్చేవి.

మీరు చేయగలిగింది, ఎక్కువ మొక్కలను రోజూ గమనించడం. ఒకే రకం చామంతి ఎకరాల్లో పెంచే రైతుకు స్పోర్ట్ దొరికే అవకాశం కుండీల తోటవాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పూలు కోసే కూలీలకు "వేరే రంగు కనిపిస్తే కోయకుండా నన్ను పిలవండి" అని చెప్పి ఉంచండి.

11. రంగు నిలబడ్డాక

ముందు ఇది ఇప్పటికే ఉన్న రకమేమో చూసుకోండి. కడియం పక్కన వేమగిరిలో ఉన్న పూల పరిశోధన కేంద్రంలో గానీ, వెంకటరామన్నగూడెం, ములుగు (సిద్దిపేట జిల్లా) ఉద్యాన విశ్వవిద్యాలయాల్లో గానీ ఫొటోలు, నోటుపుస్తకం చూపించి అడగవచ్చు.

నిజంగా కొత్తదైతే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్త రకంగా నమోదు కావాలంటే దేశంలో దాన్ని అమ్మడం మొదలుపెట్టి ఏడాది దాటకముందే దరఖాస్తు వేయాలి. అందుకే నర్సరీవాళ్లకు మొక్కలు ఇచ్చే ముందే ఈ పని చూసుకోండి. తల్లిమొక్క ఇంకొకరి పేర నమోదైన రకమైతే, దాని స్పోర్ట్‌ను అమ్మడానికి వాళ్ల అనుమతి అవసరం పడవచ్చు. కొన్న నర్సరీ బిల్లు, మొక్కకు కట్టిన చీటీ దాచి ఉంచండి.

దరఖాస్తు సంగతి ఎలా ఉన్నా, రెండో విడతలో నిండు రంగు పూసిన మొక్కల్లో రెండింటిని వేరే ఊళ్లో నమ్మకమైనవాళ్ల దగ్గర పెట్టండి. తల్లికొమ్మకు కట్టిన దారాన్ని అప్పటివరకూ విప్పకండి.